ఎర్ర గుడ్డ విప్పేసిన మందుల పెట్టెలు

2025, ఎండలు ముదురుతున్న రోజులు. సముద్రానికి అవతల బర్మాలో భూకంపం వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి నేవీ ఓడలో సాయం పంపుతున్నారని మమ్మల్ని పొద్దున్నే గోడౌన్‌కి పిలిచారు. జెట్టీ పక్కన సరుకు పెట్టెలు కట్టే పని నాది. ఇరవై ఏళ్లుగా అదే పని. మా ముఠాలో ఎనిమిది మందిమి, మేస్త్రిని నేను.

మా ముఠాలో తెలుగువాళ్లున్నారు, బెంగాలీలున్నారు, రాంచీవాళ్లున్నారు. ఒకరి అక్షరం ఇంకొకరికి రాదు. నాకైతే ఏ అక్షరమూ రాదు. అందుకని మా జెట్టీలో పెట్టెకు గుడ్డపీలిక కడతాం. ఎరుపైతే మందులు, నీలమైతే నీళ్లకు సంబంధించినవి, పసుపు తిండి, పచ్చ గుడారాలు. రెండు ముళ్లుంటే లోపల గాజు సామాను, పైన ఏదీ పెట్టకూడదు. ఏ దీవిలో దింపినా ఎవరూ పొరబడలేదు.

ఓడలో సరుకు చూసుకునే నేవీ అబ్బాయి మధ్యాహ్నం వచ్చాడు. విజయనగరం వైపువాడు. పీలికల సంగతి చెప్తే సంబరపడ్డాడు. “మంచి పని చేశావు పిన్నీ. పరాయి దేశం కదా, మేము జెట్టీ మీద దించి ఇచ్చెయ్యాలి, అంతే. అక్కడి నుంచి మోసేది వాళ్ల సిపాయిలే. వాళ్లకి మన రాత రాదు, రంగు చూపిస్తే చాలు. మందులు ముందు కావాలని అడిగారు” అని చెప్పి వెళ్లాడు.

అతను అటు వెళ్లాడో లేదో, సరుకు కట్టించే కాంట్రాక్టరు మనిషి స్టిక్కర్ల కట్టతో దిగాడు. ఈ ఊళ్లోనే, గోల్ ఘర్ పేటలో పుట్టి పెరిగినవాడే. పెట్టెల చుట్టూ తిరిగి మొహం చిట్లించాడు.

“దీదీ, ఈ చిరుగులన్నీ హఠావ్. పెద్ద సార్లు ఫోటోకి వస్తన్నారు. ఎల్తన్నది మన దేశం ఇజ్జత్, నీ పాత చీర కాదు.”

“గుడ్డ తీసేస్తే ఏది మందో ఆళ్లకి ఎలా తెలుస్తాది బాబూ?”

“నంబర్లున్నాయి, లిస్టుంది. నీకు రావని లోకంలో ఎవరికీ రావనుకున్నావా?”

పక్కనున్నవాళ్లు నవ్వారు. స్టిక్కర్ అతికించమన్న చోటే నంబరు ఉందని, అది కప్పడిపోతుందని కూడా చెప్పాను. చదువు రాకపోయినా నంబరు ఎక్కడ రాశారో కనబడదా? ఇంకోవైపు ఉంటుందిలే అన్నాడు. ఇంకోవైపు లేదు. ఎక్కువ మాట్లాడితే రేపటి నుంచి వేరే ముఠాని తెచ్చుకుంటానన్నాడు.

ఎనిమిది ఇళ్ల పొయ్యిలు కళ్లముందు కదిలాయి. కత్తి తీసుకుని పీలికలు నేనే కోశాను. స్టిక్కర్లూ నేనే అతికించాను. తళతళలాడే జెండా బొమ్మ, కింద పెద్ద పెద్ద అక్షరాలు. అన్ని పెట్టెలూ ఒక్కలా తయారయ్యాయి. ఫోటోలో నిండుగా కనబడాలని గుడారాల పెట్టెలు ముందుకు లాగించాడు, మందులు వెనక్కి పోయాయి. ఫోటో బాగానే వచ్చిందట.

ఓడ తిరిగొచ్చాక నేవీ అబ్బాయి గోడౌన్‌కి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఆ గుడ్డలేమైపోయాయి పిన్నీ? స్టిక్కర్ పీకితే దాంతోపాటే నంబరూ ఊడొచ్చేసింది. ఒక్కో పెట్టే కోసుకుంటూ వెతికాం. గుడారం, బిస్కెట్లు, మళ్లీ గుడారం. సెలైన్ కోసం వాళ్ల డాక్టరమ్మ ఎండలో పక్కనే నిలబడింది. ఆవిడ మాట మాకు తెలీదు, మా మాట ఆవిడకి తెలీదు. సగం పూట అలాగే పోయింది.”

నేనే కోశానని చెప్పాను. ఎవరు కోయమన్నారని అతను అడగలేదు. ఆ సగం పూటలో ఎవరికి ఏమైందని నేనూ అడగలేదు. అడిగే మొహం నాకెక్కడిది?

ఆ కాంట్రాక్టరు మనిషి మీద కోపం నాకు నేటికీ చల్లారలేదు. ఇజ్జత్ అట! ఇటుకల కింద నలిగినవాడు సెలైన్ ఎక్కించమంటాడు గానీ, అది ఎవరు పంపారని అడుగుతాడా? పెట్టె మీద గుర్తు ఉండేది విప్పేవాడి కోసం. పంపినవాడి గొప్ప కోసం కాదు. ఆ ముక్క తెలియడానికి చదువక్కర్లేదు. నాకు తెలుసు. తెలిసీ కోశాను. వాడి మీద ఉన్నదానికి రెట్టింపు కోపం నా మీద నాకుంది.

ఆ తర్వాత తుఫాను సాయం సరుకు కడుతున్నప్పుడు మళ్లీ వాడే వచ్చి, పీలికలు తీయమన్నాడు. కత్తి వాడి చేతిలో పెట్టి, నువ్వే కొయ్యి, నా ముఠాలో ఎవరూ కొయ్యరు అన్నాను. కత్తి బల్ల మీద పడేసి పోయాడు. పెట్టెలు పీలికలతోనే ఓడెక్కాయి.