దేవుడు తవ్వని బావి

మీ ఊరి బావిని ఎవరు తవ్వారో మీకు తెలుసా?

శంషాబాద్ మీదుగా వెళ్లే బస్సులో ల్యాప్‌టాప్ తెరిచి, ఎవరైనా రాసి దిద్దగల అంతర్జాల విజ్ఞానసర్వస్వంలో ఒక పల్లె గురించిన వ్యాసాన్ని దిద్దుతున్నాను. బావి బొమ్మ చూసి పక్కసీటు ముసలమ్మ అడిగింది.

"గిది మా ఊరి బాయి గాదా? ఏం రాసిన్రు బిడ్డా?"

"దేవుడు ఒక్క రాత్రిలో తవ్వాడని. గుడి కరపత్రంలో ఉంది."

"దేవుడు తవ్వుడేంది? మా తాత తవ్విండు. నడుము ఇరిగి మంచంల పడ్డడు. దేవునికి జర నడుమన్న నొచ్చిందా, అడుగు!"

తాత పేరు చెప్పి, "గది రాయి" అని పాల్మాకులలో దిగిపోయింది.

ఇంటికెళ్లి దేవుణ్ణి కొట్టేసి తాత పేరు రాశాను. తెల్లారేసరికి తోటి సంపాదకుడు పాత వాక్యాన్నే తిరిగి పెట్టాడు. "అచ్చయిన ఆధారం చూపండి" అన్నాడు. నేనూ ఎందరికో చెప్పిన నియమమే అది. కరపత్రం అచ్చయింది, తాత కాలేదు.

మీ ఊరి బావులు తవ్వినవాళ్ల పేర్లు ఈ వారమే అడగండి. అచ్చు వేయించండి.