పటం మీద రెండు పాత ఇళ్లు

మచిలీపట్నంలో కాలేజీ ఉద్యోగం చేసుకుంటూనే, మూడేళ్లపాటు 1977 నాటి దివిసీమ ఉప్పెన మీద ఒక మ్యాప్ తయారు చేశాను. ఫోన్లో తెరిచి చూసే మ్యాప్ అది. కొట్టుకుపోయిన ఇల్లు ఉన్నచోట ఒక చుక్క ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ ఇంట్లో బతికి బయటపడ్డ మనిషి గొంతు వినిపిస్తుంది. ఆ గొంతుల కోసం సెలవు దొరికినప్పుడల్లా అవనిగడ్డ బస్సెక్కి ఊళ్లు తిరిగేదాన్ని.

అలా తిరుగుతుండగా చల్లపల్లిలో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. సైకిళ్లు బాగుచేసే షాపు నడిపి, చేతులు వణకడంతో మానేశారు. ఉప్పెనలో ఆయన భార్య, ముగ్గురు పిల్లలు పోయారు. మరుసటి ఏడాది, తనలాగే అందరినీ పోగొట్టుకున్న ఒకావిడను పాస్టరుగారు చూపిస్తే పెళ్లి చేసుకున్నారు.

రికార్డు చేసుకుంటానని వెళ్లిన రోజు, ఆయన భార్యను కూరగాయలకని పంపించి తలుపు దగ్గరగా వేశారు.

"ఆవిడ ముందు ఎప్పుడూ చెప్పలేదమ్మా. ఆవిడకీ ఉన్నారుగా పోయినోళ్లు. నాది చెబితే ఆవిడది గుర్తొచ్చుద్ది" అన్నారు.

పిల్లల పేర్లు వరసగా చెప్పారు. చిన్నదాని పేరు దగ్గర ఆగి, మంచినీళ్లు తాగి, మళ్లీ చెప్పారు. తను తాటిచెట్టు పట్టుకున్నారట. చిన్నది ఆయన మెడ పట్టుకుంది. నీళ్లు తగ్గేసరికి మెడ చుట్టూ ఆ చేతులు లేవు.

ఆవిణ్ణి కూడా పిలుద్దామండీ అని నేను అనలేదు. రికార్డు బాగా వస్తోందన్న సంబరంలో ఉన్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

వర్షాకాలంలో ఆయన పోయారు. నాకు ఆలస్యంగా తెలిసింది. పలకరించడానికి వెళ్లి, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. చివరికి అడిగాను.

"మామ్మగారూ, తాతగారి గొంతు నా దగ్గరుందండి. వింటారా?"

"ఏం చెప్పారు?"

"ఉప్పెనకి ముందటి ఇంటి సంగతి."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "పెట్టు" అన్నారు.

ఆయన ఒక్కో పేరూ చెప్పగానే, ఆవిడ పెదవులు కదుపుతూ తనూ పలికారు. అయిపోయాక నా వైపు తిరిగారు.

"ఇన్నేళ్లు కాపురం చేశానమ్మా. ఆ పిల్లల పేర్లు ఇయ్యాలే విన్నాను. ప్రార్థనలో ఒకచోట ఆయన ఆగిపోయేవారు. నేనూ ఆగేదాన్ని. ఎవరోళ్లని వాళ్లం లోపలే తలుచుకునేవాళ్లం. అడిగితే చెబుదామనుకున్నా నేను. ఆయనా అదే అనుకున్నారు కాబోలు."

తన పాత ఇల్లు ఎక్కడో చూపిస్తానని ఆవిడే ఫోన్ తీసుకున్నారు. వేలు పెట్టగానే మ్యాప్ జారి సముద్రంలోకి పోయింది. నేను వెనక్కి తెచ్చాను. కాలవ వంపు పట్టుకుని, రోడ్డు వెంట నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లి ఒకచోట ఆపారు. అక్కడిప్పుడు రొయ్యల చెరువు ఉంది.

"ఇదే. పెరట్లో మునగచెట్టు ఉండేది. ఇద్దరూ ఆడపిల్లలే నాకు."

చుక్క పెట్టాను. "పేర్లు చెబుతారా మామ్మగారూ, రికార్డు చేసుకుంటాను" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "చుక్క ఉండనీ. పేర్లొద్దు. ఆయన విననివి ఊరందరూ నొక్కి వినడమెందుకమ్మా?"

నేను మళ్లీ అడగలేదు. ఆవిడ ఆయన రికార్డు ఇంకోసారి పెట్టమన్నారు. పెట్టాను. చిన్నదాని పేరు రాగానే చెయ్యెత్తి ఆపమన్నారు. తర్వాత లేచి, మొహం కడుక్కుని వచ్చి, బస్సు టైమైందేమో వెళ్లమ్మా అన్నారు.

ఆ చుక్క మ్యాప్ మీద అలాగే ఉంది. నొక్కితే ఏమీ వినపడటం లేదు, సరిచేయండి అని చూసినవాళ్లు రాస్తుంటారు.