టాపు కింది చుక్క

మా మావయ్యని అందరూ చుక్క అని పిలుస్తారు. కొత్తవాళ్ళెవరైనా ఆ పేరు వింటే ఒక అడుగు వెనక్కి వేసి గాలి పీలుస్తారు, మందు వాసన వస్తుందేమోనని. ఆయన పుట్టి బుద్ధెరిగాక మందు ముట్టలేదు. ముట్టని మనిషికి ఆ పేరు అంటగట్టిన ఘనత నాదే. ఎవరూ ఒప్పుకోరు గానీ, నాదే. కొండదారుల్లో, బురదలో, వాగుల్లో తిరిగే జీపుల లోపలికి ఎక్కణ్ణుంచో నీళ్ళు కారుతుంటాయి. ఆ చుక్క ఎక్కడ దూరుతోందో పట్టుకుని, ఆ దారి మూసెయ్యడం ఆయన పని.

మూడు వైపుల గోడ, పైన రేకులు, వాకిట్లో సిమెంటు నేల, ఒక కుళాయి, ఒక పొడుగాటి గొట్టం. అదీ షెడ్డు. వెనక ఉన్న రెండు గదులూ ఇల్లు. నేను చదువు మానేసి ఆ షెడ్డులో చేరానని కిట్టనివాళ్ళు చెబుతారు. నిజానికి చదువే నన్ను భరించలేక మానేసింది.

ఆ షెడ్డులో నేను చూసిన వింతల్లో మొదటిది చేప. ఒకసారి ఒక జీపు వచ్చింది. తలుపు తియ్యగానే మోకాటి లోతు నీళ్ళు బయటికి దూకాయి, నీళ్ళతోబాటు ఒక చేప. డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడల్లా అది కాలి బొటనవేలు కొరికేదట. పాపం అతను బ్రేకు పట్టేసిందనుకుని ముగ్గురు మెకానిక్కుల దగ్గరికి తిరిగాడట. ఈ కథ నేను ఎత్తుకోగానే మావయ్య "ఇక ఆపరా" అనేవాడు. అత్తయ్య మాత్రం చేతిలో పని పక్కన పెట్టి, ఏమీ ఎరగని ముఖం పెట్టి, "చేప ఎంతుంది రా?" అని అడిగేది. నేను అరచెయ్యి చూపించేవాణ్ణి. "అంతేనా?" అనేది. మోచెయ్యి దాకా చూపించేవాణ్ణి. ఆవిడ అలా అడగబట్టే ఆ చేప ఏటికేడూ పెరిగింది. చివరికి దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాల్సి వచ్చింది.

పని మాత్రం కథ కాదు. మావయ్య టార్చి పట్టుకుని జీపులో కూర్చుని, తలుపులు వేసుకుని, అద్దాలు బిగించుకునేవాడు. అంతకుముందే తలుపుల అంచుల వెంట, నేల మీద, ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లేవాడు. నీళ్ళు పాకితే అందులో గీత పడుతుంది. బయట గొట్టం పట్టుకునేది అత్తయ్య. నీళ్ళు జోరుగా కొట్టేది కాదు, మొక్కకి పోసినట్టు పోసేది. మొదట తలుపు అడుగున, తరవాత అంచున, తరవాత అద్దం చుట్టూ, అన్నిటికన్నా చివర టాపు మీద. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు ఒళ్ళంతా జారి, ఏ సందులోంచి దూరాయో తేలదు. లోపలినుంచి అద్దం మీద ఒక దెబ్బ పడితే ఆపాలి. రెండు పడితే ఇంకొంచెం పైకి వెళ్ళాలి. అంతే వాళ్ళ భాష. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్న దాని మీద రోజంతా పోట్లాడుకునే మనుషులు, మధ్యన అద్దం ఉంటే మాత్రం ఒక్క తప్పు పోనిచ్చేవాళ్ళు కాదు.

"మీ ఇద్దరికీ ఇంట్లో కూడా మధ్యన ఒక అద్దం బిగించాలత్తా" అన్నాను ఒకసారి.

"నీకొచ్చేదానికి అద్దం చాలదురా, గోడ కట్టించాలి" అంది. నాకు ఇప్పటికీ ఎవరూ రాలేదు. గోడకి భయపడి ఉంటారు.

తడి కనిపించిన చోట చిల్లు ఉండదు. ఈ సంగతి తెలియక ఒకాయన కాళ్ళ కింద తడుస్తోందని నేలంతా జిగురు పులిమి తెచ్చాడు. నీళ్ళు టాపు మీది సామాను చట్రం బోల్టు పక్కనుంచి దిగి, తలుపు పక్కనుండే బోలు స్తంభం లోపల జారి, కాళ్ళ దగ్గర తేలుతున్నాయి. "తల పగిలితే కాలికి కట్టు కట్టుకున్నావా నాయనా" అంది అత్తయ్య. కంకర తోలే డ్రైవరు ఒకడు, బండిలోనే పడుకునే మనిషి, తెల్లారేసరికి ముఖం మీద చుక్కలు పడుతున్నాయని వచ్చాడు. మావయ్య గొట్టం వైపు కూడా చూడలేదు.

"అద్దాలన్నీ బిగించుకుని పడుకుంటావా?"

"దోమలు కదన్నా మరి."

"నీ బండికి చిల్లు లేదు. నీ ముక్కుకే రెండున్నాయి. అద్దం వేలెడు దించుకుని పడుకో."

వాడు అర్థం కాక నిలబడితే, మన ఊపిరిలో ఆవిరి చల్లటి రేకుకి పట్టుకుని చుక్కయి రాలుతుందని అత్తయ్య విడమరిచి చెప్పి పంపింది.

మా సొంత జీపుకి మాత్రం దిక్కు లేదు. టాపు లోపలి గుడ్డ జారి తల మీద వేలాడుతోందని మావయ్య ఒకరోజు పీకేశాడు. పైన ఒట్టి రేకు మిగిలింది. అత్తయ్య కొత్త గుడ్డ తెచ్చి, కొలిచి, కత్తిరించి, చుట్ట చుట్టి అటక మీద పెట్టింది. "అతికించవయ్యా" అని ఆవిడ. "రేపు" అని ఈయన.

ఆ వానాకాలంలో అత్తయ్యకి నెమ్ము చేసింది. జీపుల్లో తడికి పేరై ఉన్నప్పుడు ఆ మాట మాకు తిండి పెట్టింది. అదే మాట ఆవిడ రొమ్ములోకి వచ్చేసరికి ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. మొదట దగ్గు, తరవాత ఆయాసం. ఒక మధ్యాహ్నం కూర్చుని కూడా ఊపిరి అందుకోలేకపోయింది. బయట కుండపోత. జీపు వెనక సీట్లో మావయ్య ఒళ్ళో తల పెట్టి పడుకోబెట్టి, దుప్పటి కప్పి, చలిగాలి తగలకుండా అద్దాలన్నీ బిగించి బయల్దేరాం. నేనే నడిపాను. ఆ రోజు నేను నడిపిన తీరుకి వాగు లేచి పక్కకి జరిగి దారిచ్చింది. కావాలంటే ఆ వాగునే అడగండి.

సగం దారిలో టాపు నుంచి ఒక చుక్క అత్తయ్య చెంప మీద పడింది. మావయ్య చొక్కా కొసతో తుడిచాడు. ఆవిడ కళ్ళు తెరిచి, ఒక్కో మాటకీ ఊపిరి కూడగట్టుకుంటూ అంది.

"ఊళ్ళో బళ్ళన్నీ ఆరబెట్టావు... మన బండి కారుతోంది... చూశావా."

నవ్వబోయింది. నవ్వు దగ్గయింది.

"ఇంటికి రాగానే చూస్తానే" అన్నాడు మావయ్య.

ఆవిడ ఇంటికి రాలేదు.

మావయ్య వచ్చాడు. వచ్చినవాడు ఆ జీపుని వాకిట్లో పెట్టి, అది ఎక్కడ కారుతోందో కనిపెట్టేదాకా ఇంకో బండి ముట్టనన్నాడు. వచ్చిన జీపులన్నిటినీ తిప్పి పంపించాడు. కంకర డ్రైవరు ఈసారి నిజంగానే కారుతున్న బండి తెచ్చాడు.

"నా మనిషి ముఖం మీదే నీళ్ళు పడనిచ్చినవాణ్ణి. నీ బండి నేనేం చూస్తానురా. వెళ్ళు."

గొట్టం నా చేతికొచ్చింది. నేను దేనిలోనైనా తిరుగులేని మొనగాణ్ణే గానీ గొట్టం దగ్గర మాత్రం ఓడిపోయాను. నేను పోస్తే నీళ్ళు ఎదురింటి గోడ దాకా వెళ్ళేవి. లోపలినుంచి దెబ్బ పడితే, నా మాటల సందట్లో నాకే వినిపించేది కాదు. అందుకని మావయ్య తన వైపు అద్దం జానెడు దించుకునేవాడు, నన్ను తిట్టడానికి.

"ఒరేయ్! బండి తగలబడటం లేదురా, మెల్లిగా పొయ్యి!"

ముందు అద్దం ఊడదీసి రబ్బరు మార్చాడు. తలుపు సందులో కాయితం పెట్టి మూసి, లాగి చూశాడు. ప్రతి తలుపూ కాయితాన్ని గట్టిగానే పట్టుకుంది. టాపు మీది రివెట్లన్నిటికీ ఒక్కొక్కదానికీ సిలికాన్ జిగురు పెట్టాడు. ఎండలో పోశాం, మబ్బులో పోశాం. పౌడరు మీద గీత పడలేదు. టాపు నుంచి చుక్క రాలేదు.

"చిల్లు లేదేమో మావయ్యా."

"పడిందిరా. నా కళ్ళతో చూశాను. ఈ చేత్తో తుడిచాను."

"ఆ చుక్క వల్ల కాదని డాక్టరు చెప్పాడు కదా."

మావయ్య నా వైపు చూశాడు. "చుక్క వల్ల పోయిందని నేనన్నానా? నన్ను కట్టుకున్నప్పట్నుంచీ గొట్టం పట్టుకుని తడుస్తూనే ఉంది. ఆ ఒక్క రోజన్నా పొడిగా పడుకోబెట్టలేకపోయాను. అదీ నేనంటున్నది."

వెళ్ళి కుళాయి తిప్పాను. లోపలినుంచి అద్దం మీద రెండు దెబ్బలు పడ్డాయి. నేనింకా గొట్టం ఎత్తనే లేదు. ఆయన ఎవరికి కొట్టాడో, కొట్టాక ఆయనకే తెలిసినట్టుంది.

మళ్ళీ వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం నేను టాపు మీద నీళ్ళు పోస్తుండగానే పైనుంచి అసలు వానే దిగింది. గొట్టం పడేసి, తడిసి ముద్దయి, ముందు సీట్లోకి దూరి తలుపు వేసుకున్నాను. మావయ్య వెనక సీట్లో, ఆ రోజు కూర్చున్న చోటే ఉన్నాడు. జల్లు లోపలికి కొడుతోందని, నన్ను తిట్టడానికి దించుకున్న జానెడు అద్దమూ ఎత్తేశాడు. నా పళ్ళు టకటకమంటున్నాయి.

మాట్లాడని మనిషి దగ్గర ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. చేప కథ ఎత్తుకున్నాను. ఆపమంటాడేమోనని చూశాను, అనలేదు. చేపకి సీటు బెల్టు పెట్టి, ట్రాఫిక్ పోలీసు ఆపితే అది అద్దం దించి ఏం సమాధానం చెప్పిందో అక్కడిదాకా లాగాను. అద్దాలు తెల్లగా మసకబారాయి. బయట షెడ్డు కనపడటం మానేసింది.

చుక్క పడింది. మావయ్య మణికట్టు మీద.

టార్చి వెలిగింది. ఆయన పైకి చూశాడు. ఒట్టి రేకు నిండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఆవగింజలంత చుక్కలు. వేలితో రాశాడు. వేలి వెంట నీళ్ళ గీత సాగి, కొసన ఇంకో చుక్క బరువై రాలింది. రివెట్ల చుట్టూ వేరుగా తడి లేదు. ఎక్కణ్ణుంచీ దారి లేదు. అంతటా ఒకేలా ఉంది.

"ఇది వాన కాదురా" అన్నాడు.

"మరి?"

"మనమే."

కంకర డ్రైవరు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. తిరిగి చూశాను. నవ్వు నోట్లోనే ఉండిపోయింది.

"ఆ రోజు అద్దాలు ఎవరు బిగించార్రా?"

"నువ్వే మావయ్యా. అత్తకి చలి తగులుతుందని."

ఆయన తన ఒళ్ళోకి చూసుకున్నాడు. ఆ రోజు ఆవిడ తల ఉన్న చోటికి.

"ఎంత కష్టపడి వదిలేదో ఒక్కో ఊపిరీ. అంతా పైకి వెళ్ళి ఈ రేకుకి పట్టుకుంది." చొక్కా కొస చేతిలోకి తీసుకున్నాడు. "దాని ఊపిరే దాని మీద పడిందిరా. వాననుకున్నాను. తుడిచేశాను."

వాన టాపు మీద దరువేస్తోంది. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను, "మన బండి కారలేదు కదా మావయ్యా. అత్తని వాన తడపలేదు."

"లేదు" అన్నాడు. "ఇన్నాళ్ళూ వెతుక్కోడానికి ఒక చిల్లయినా ఉండేది" అన్నాడు.

"అటక మీద గుడ్డ ఉంది. అత్త కత్తిరించింది. అతికిస్తే రేకుకి ఇక ఆవిరి పట్టదు."

"తెలుసు." టార్చి ఆర్పేశాడు. "ఇవాళ వద్దు."

నేను తలుపు మీద చెయ్యి వేశాను, వెళ్ళి కుళాయి కట్టేసి రావాలని.

"తియ్యకు" అన్నాడు. "కూర్చో. ఆ కథ చెప్పు."

"ఏ కథ?"

"అదేరా. తలుపు తీశారు, నీళ్ళు దూకాయి."

జీవితంలో మొదటిసారి నన్ను మాట్లాడమని అడిగాడు. గొంతు సవరించుకున్నాను. తలుపు తీశారు, మోకాటి లోతు నీళ్ళు బయటికి దూకాయి, నీళ్ళతోబాటు ఒక చేప అని మొదలుపెట్టాను. ఆయన వెనక్కి వాలి, రేకు వైపే చూస్తున్నాడు.

"చేప ఎంతుంది రా?" అన్నాడు.

నేను అరచెయ్యి చూపించాను.

"అంతేనా?" అన్నాడు.