హమాలీల రాయికి పాలిష్

శాంతయ్యకు కొత్త స్టేషను మీద కోపం లేదు. ఆ మాట ముందే చెప్పేయాలి. పాతదాని మీద మమకారం ఉన్నవాడు కొత్తదాన్ని తిట్టి తీరాలని సభల్లో మాట్లాడేవాళ్లు అనుకుంటుంటారు. లిఫ్టు పెడతారని తెలిసినప్పుడు అందరికంటే ముందు సంతోషపడినవి ఆయన మోకాళ్లే. బతుకంతా పెట్టెలు మోసిన మోకాళ్లు. ఆయన ఒళ్లు మండించింది వేరే సంగతి.

మార్కాపురానికీ గిద్దలూరుకూ మధ్య ఉన్న ఆ చిన్న స్టేషన్లో మీటర్‌గేజి కాలంనాటి గూడ్సు షెడ్డు ఒకటి ఉండేది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారైన బడి పలకలు చెక్కపెట్టెల్లో అక్కడే వ్యాగన్లెక్కేవి. షెడ్డు గోడకు మనిషంత ఎత్తు పలకరాయి ఆనించి ఉండేది. కొత్తగా చేరిన హమాలీ మొదటి వ్యాగన్ నింపినాక, పెట్టెలు లాగే కొక్కెం మొనతో ఆ రాయి మీద తన పేరు గీయాలి. గీసేదాకా వాడు ముఠా మనిషి కాడు. వాడికి టీ పోసేవాళ్లు కూడా ఉండరు.

శాంతయ్యకు నాలుగు అక్షరాలు వచ్చు, పేరు గీసినాడు. తమ్ముడు గంగయ్యకు అవీ రావు.

"నేనేం గీయాలన్నా?"

"నీ మొగం గీయిరా, తోడేళ్లు ఇటు రాకుండా ఉంటాయి" అని ముఠా అంతా నవ్వింది.

గంగయ్య రోషంగా కొక్కెం అందుకుని, ఇంట్లో గొర్రెల వీపుల మీద ఎర్ర జాజుతో వేసే గుర్తునే గీసినాడు. ఒక నిలువుగీత, దాని నెత్తిన రెండు కొమ్ములు.

పెళ్లయిన మరుసటేడు పెట్టెల వరస జారి గంగయ్య మీద పడింది. ఒక్క ఫొటో అయినా దిగకుండా పోయినాడు. భార్య మల్లమ్మ తన వంతు గొర్రెల్ని తోలుకుని కొనకనమిట్ల పక్కన పుట్టింటికి చేరింది, ఇప్పటికీ మంద మేపుతూనే ఉంది. ఈ పక్కకు వస్తే మాత్రం షెడ్డులోకి పోయి, ఆ కొమ్ముల మీద వేలు పెట్టి చూసుకునేది. ఏడ్చేది కాదు. ఉన్నాడా లేడా అని చూసి పోయేది, అంతే.

పెద్ద లైను వచ్చింది, పెట్టెలు లారీలెక్కినాయి, షెడ్డు పిచ్చికలపాలైంది. ఇప్పుడు కొత్త స్టేషను కడుతూ దాన్ని కూల్చడానికి జేసీబీ వచ్చినాక, శాంతయ్య పోయి రాయికి వీపు ఆనించి కూర్చున్నాడు.

"షెడ్డు మీరు తీసుకోండి సార్, రాయి మాకు ఇడ్సండి" అన్నాడు.

పనులు చూసే ఇంజనీరు ప్రకాష్ మంచివాడే. చిక్కంతా అక్కడే వచ్చింది. రాయి సంగతి వినీవినగానే కళ్లు మెరిసినాయి. "పెద్దాయనా, ఇది హెరిటేజ్! దీనికి ప్రత్యేకంగా ఒక మూల కేటాయిద్దాం. అడుగున పగిలిన ముక్క కోయించి, దిమ్మె మీద నిలబెడదాం" అన్నాడు. శాంతయ్య నమ్మి లేచినాడు. రాయి కోతకని మార్కాపురం పలకల ఫ్యాక్టరీకి పోయింది. షెడ్డు ఒక్క మధ్యాహ్నంలో మట్టయింది. దాని జాగాలో ఫైబరుతో చేసిన ఆవిరి ఇంజను బొమ్మ వెలిసింది. చక్రాలు తిరగవు, పొగగొట్టంలో మాత్రం నీలం లైటు వెలుగుతుంది. నిజంగా ఉన్నదాన్ని కూల్చి, ఎన్నడూ లేనిదానికి రంగులేసి దండం పెట్టడాన్ని మనవాళ్లు సంస్కృతి అంటారు.

ప్రారంభోత్సవానికి శాంతయ్యను పిలిచి శాలువా కప్పినారు. మల్లమ్మ కూడా పొదిలి బస్సు పట్టుకుని వచ్చింది. ఎవరో పెద్దమనిషి "శ్రమైక జీవన చిహ్నం" అంటూ మాట్లాడి మాట్లాడి తెర లాగినాడు. చప్పట్లు మోగినాయి.

రాయి అద్దంలా మెరుస్తోంది. దాని మీద ఒక్క గీత లేదు. పక్కన ఇత్తడి బోర్డు మీద మాత్రం 'హమాలీలు స్వహస్తాలతో చెక్కిన పేర్లు' అని పొందికగా రాసి ఉంది. ముగ్గురు ఆడపిల్లలు ఆ నునుపులో జుట్టు సవరించుకుని సెల్ఫీ దిగినారు.

మల్లమ్మ దగ్గరికి పోయి, వంగి, కొమ్ములుండే చోట వేలు పెట్టింది.

"ఏంది బావా, మొగుణ్ని చూద్దామని వస్తే నా మొగమే కనపడతాంది?"

శాంతయ్యకు ఆ ఇత్తడి బోర్డు మీద ఉమ్మేయాలనిపించింది. ఎదురుగా 'ఉమ్మినచో జరిమానా'. మింగినాడు.

రాయిని నిలబెట్టడానికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొహసిన్ అక్కడే ఉన్నాడు. పాలిష్ మిషను మీద చెయ్యి తిరిగినవాడు. సంబరంగా ముందుకొచ్చినాడు. "ఎట్లుంది పెదనాయనా? కొయ్యమని మాత్రమే చెప్పినారు. మీ రాయని తెలిసి నేనే పాలిష్ ఎక్కించినా. గరుకు రాయి మా గేటు దాటిందంటే మాకు పరువుంటదా? అంతా గీతలే, మూడుసార్లు పట్టినా."

శాంతయ్య వాణ్ని తిట్టలేకపోయినాడు. తిడదామనుకున్న మాటలన్నీ ఇంజనీరు వైపు తిరిగినాయి. "మా గంగయ్య ఏడి సార్?"

ప్రకాష్ ముఖం పాలిపోయింది. "పేర్లు చెప్పండి పెద్దాయనా, కంప్యూటర్లో అచ్చం పాతవాటిలాగే చేయించి స్టిక్కర్ వేయిస్తాం."

"స్టిక్కరా!" శాంతయ్య శాలువా తీసి ఇంజను బొమ్మ మీద పడేసినాడు. సంచిలోంచి పాత కొక్కెం తీసినాడు. అది కూడా ఆ మూలలో పెట్టడానికని వాళ్లే తెమ్మన్నారు. గీయబోతే ఆ నునుపు మీద కొక్కెం జారింది, కొమ్ము వంకర పోయింది.

"ఇట్లియ్యి బావా. మా మందలో ఇట్ల గీస్తే గొర్రె కూడా నవ్వుద్ది." మల్లమ్మ కొక్కెం లాక్కుంది. ఒక నిలువుగీత. రెండు కొమ్ములు. ఏటా మందకంతా వేసే చెయ్యి, ఎక్కడా ఆగలేదు.

గార్డు పరిగెత్తుకొచ్చినాడు. "ఏయ్! హెరిటేజ్ మీద పిచ్చిగీతలేంది?"

తెర లాగిన పెద్దమనిషి మొహసిన్‌కు వేలు చూపించినాడు. "రేపే తీసుకుపోయి మళ్లీ నున్నగా చెయ్యి."

మొహసిన్ ఆ గీతల్ని చూసినాడు, మల్లమ్మను చూసినాడు. మూడుసార్లు పట్టిన తన చేతుల్ని చూసుకున్నాడు.

"మిషను చెడిపోయింది సార్."

"ఎప్పుడు బాగవుద్ది?"

"చెప్పలేం సార్. సామాన్లు దొరకవు."