ప్రభుదాస్ అన్న మాటలకు నేను అతికించిన నవ్వు

నిన్న పొద్దున ఏడు గంటలకు ఫోన్ వచ్చింది. బస్టాండ్ దగ్గర రిపేర్ షాపు ప్రభుదాస్ అన్న చనిపోయాడని. గుండెపోటు. దవాఖానకు చేరేలోపే అయిపోయిందట.

ఆయనకు యాభై కూడా నిండలేదు.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను.

ఏడవలేదు. వాళ్లింటికి పరిగెత్తలేదు. ఫోన్ తెరిచి, ఆయన మీద నేను పెట్టిన వీడియో ఇంకా ఉందా అని చూసుకున్నాను.

ఉంది.

మన నారాయణఖేడ్ వాళ్లలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. నవ్వే ఉంటారు. మీ తప్పేం లేదు. నవ్వేలా చేసింది నేను.

ఆయన గురించి తెలియని వాళ్లకు కొంచెం చెప్తాను.

అన్న సొంతూరు నాగల్‌గిద్ద దగ్గర. టీవీలు, మిక్సీలు, కూలర్లు బాగుచేసేవాడు. సూపర్‌హీరోలంటే ప్రాణం. మిషన్ హాస్టల్లో ఉన్నప్పుడు పాత పేపర్ల కొట్టులో దొరికిన కామిక్స్‌తోనే ఇంగ్లిష్ నేర్చుకున్నాడు. బాగుచేసిన టీవీని టెస్ట్ చేయాలంటే కార్టూన్ ఛానలే పెట్టేవాడు. కస్టమర్ వచ్చి నిలబడినా సరే, ఎపిసోడ్ అయ్యేదాకా టీవీ ఇచ్చేవాడు కాదు.

ఇంటర్ రోజుల నుంచీ నేను ఆ షాపులో స్టూల్ మీద కూర్చుని ఆయన మాటలు విన్నవాణ్ణి.

సినిమాల కంటే కామిక్సే గొప్పవనేవాడు. ఎందుకని అడిగితే ఒక పేజీ తెరిచి, రెండు బొమ్మల మధ్య ఉన్న తెల్లటి సందు మీద వేలు పెట్టాడు.

"గీ జాగల ఏం జరిగిందో నువ్వే అనుకోవాలె తమ్మీ. సినిమా నీకు గా పని ఇయ్యదు."

ఊళ్లకు ఊళ్లు కూలిపోతుంటే హీరో జోకులేసే సినిమాలంటే మాత్రం ఆయనకు కోపం. ఒకసారి సంగారెడ్డిలో సగం సినిమాలో లేచి, నన్నూ లాక్కొచ్చాడు. బస్సులో ఖేడ్ దాకా ఒకటే గొణుగుడు. ఆ కూలిన బిల్డింగులో టీ కప్పులు కడిగేవాడు ఒకడు ఉంటాడు కదా, వాడి కోసం ఇంట్లో ఎదురుచూస్తుంటారు కదా, ఒక్క సీన్ కూడా చూపించరేం అని.

నాకేమో క్లైమాక్స్ పోయిందని బాధ.

మూడేళ్ల కింద నేను సినిమా రివ్యూల పేజీ ఒకటి మొదలుపెట్టాను. ఎవరూ చూడటం లేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్న షాపుకు వెళ్లి, నీ మాటలు నలుగురూ వినాలన్నా, రికార్డ్ చేస్తానన్నాను.

ఆయన ఎంత సంతోషపడ్డాడో. గుండీలు సరిచేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. స్క్రూడ్రైవర్ మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

రెండు చేతులూ రెక్కల్లా చాచి అన్నాడు:

"గాల్లో ఎగిరెటోడు పెద్ద పెద్ద పట్నాలనే కాపాడుతడు. మా నాగల్‌గిద్దకు ఎందుకు రాడు? పైనుంచి మా కంది చేన్లు కనబడయా?"

అక్కడ కట్ చేశాను. వెనక జనం పగలబడి నవ్వే సౌండ్ పెట్టాను. పైన 'ఖేడ్ సైంటిస్ట్' అని రాశాను.

రెండు రోజుల్లో అందరి ఫోన్లలోకీ వెళ్లిపోయింది. మనూర్ నుంచి మిక్సీ తెచ్చినవాళ్లు కూడా, ఎగిరేటోడు వచ్చిండా అన్నా అని అడిగి నవ్వేవాళ్లు. ఆయన బిడ్డ రూతును కాలేజీలో 'సైంటిస్ట్ బిడ్డ' అని పిలిచారు.

అన్న మా ఇంటికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. గుమ్మం దగ్గరే నిలబడి మెల్లగా అన్నాడు:

"తీసెయ్ తమ్మీ. నన్నంటె ఏం కాదు. బిడ్డ కాలేజీకి పోనంటున్నది."

తీసేస్తానన్నాను.

తీయలేదు. పేజీకి అప్పుడప్పుడే ఫాలోవర్లు వస్తున్నారు. ఈ వారం ఆగుదాం అనుకున్నాను. ఆ తర్వాత మర్చిపోయినట్టు నటించాను.

ఆయన మళ్లీ అడగలేదు. షాపులో కార్టూన్లు పెట్టడం మానేశాడు. వార్తలు పెట్టి టీవీలు టెస్ట్ చేసేవాడట. ఎవరో చెబితే తెలిసింది. ఎందుకంటే నేను ఆ రోడ్డున వెళ్లడమే మానేశాను.

పోయిన నెల కల్హేర్ అంగడిలో ఎదురుపడ్డాడు. నన్ను చూసి ఆగాడు. నేను ఫోన్ చెవికి పెట్టుకుని పక్కకు తిరిగిపోయాను.

ఫోన్లో ఎవరూ లేరు.

నిన్న సాయంత్రం సమాధి చేసి వచ్చాక రూతు దగ్గరకు వెళ్లాను. తప్పు చేశానమ్మా అన్నాను. ఆ వీడియో నీ ముందే తీసేస్తానని ఫోన్ బయటికి తీశాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తియ్యకు కాకా. డాడీ గొంతు మా దగ్గర ఇంకేడ లేదు. గా నవ్వు ఒక్కటి తియ్."

ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి పాత ఫోన్ వెతికాను. అసలు రికార్డింగ్ అందులో ఉంది. మూడేళ్లలో మొదటిసారి చివరిదాకా విన్నాను. నేను కట్ చేసిన చోటు తర్వాత, అన్న చేతులు దించి, మామూలుగా కూర్చుని ఇంకా మాట్లాడాడు.

"రాకపోతె ఏమాయె. మా నాయినకు పానం బాగలేని దినం, ఓ ఆటో ఆయన సవారీలను దింపేసి మమ్ముల దవాఖానకు తీస్కపోయిండు. పేరడిగితె చెప్పలె. హీరోలు ముసుగు ఏస్కునేది దాక్కుంటందుకు కాదు తమ్మీ. మనతోని దండం పెట్టించుకోవద్దని."

వెనక నా గొంతు కూడా ఉంది. "సరే అన్నా, చాలు చాలు" అంటున్నాను.

ఈ రోజు పొద్దున నవ్వు తీసేశాను. ఆ పేరు తీసేశాను. ఆయన మాటలు మొత్తం, నా 'చాలు చాలు'తో సహా, ఉన్నదున్నట్టు పెట్టాను. పాత వీడియో ఎవరి ఫోన్లో ఉన్నా దయచేసి డిలీట్ చేయండి.

దీంతో నా తప్పు పోయిందని అనుకోవడం లేదు. రూతు నన్ను క్షమించానని అనలేదు. నేనూ మళ్లీ అడగను.

ప్రభుదాస్ అన్నా, గుమ్మం దగ్గర నిలబడి నువ్వు అడిగింది ఒక్కటే. అది కూడా చేయలేకపోయాను.

పోయి రా అన్నా. ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.