పుంటికూర మడి పక్కన మాలో పూలు

హైదరాబాదు దగ్గరి చిట్కుల్‌లో మేము కిరాయికి ఉన్న ఇంటికీ కాంపౌండు గోడకూ మధ్య బారెడు వెడల్పు నేల ఉండేది. ఇంటి ఓనరు పెద్దమ్మ అందులో పుంటికూర, అదే గోంగూర, నాలుగు బెండ మొక్కలు, ఒక మూల పుదీనా వేసేది. ఆమె కొడుకు కంపెనీ బస్సు నడిపేవాడు. కోడలు ఇస్నాపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగుకు వెళ్లేది. అందుకని ఇంట్లో పొయ్యి మొత్తం పెద్దమ్మ చేతిలోనే ఉండేది. నేనూ మా ఆయనా పక్క పోర్షన్లో ఉండేవాళ్లం. నేను మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తాను, ఆయనది షిఫ్టు డ్యూటీ.

వానలు వెనకపట్టాక హైదరాబాదులో మొక్కల మేళాకు వెళ్లి ఒక విత్తనాల పొట్లం కొన్నాను. కవరు మీద గులాబీ రంగు పూల బొమ్మ ఉంది. మందారాన్ని చిన్నది చేసి పట్టుబట్టతో కుట్టినట్టున్నాయి ఆ పూలు. ‘యాన్యువల్ మాలో’ అని రాసి ఉంది. తెలుగులో ఏమంటారో దుకాణం అతనికి తెలియదు. మందారం, బెండ, పుంటికూర, పత్తి అన్నీ దీని చుట్టాలే, చలికాలంలో బాగా పూస్తుంది అని మాత్రం చెప్పాడు.

ఇంటికొచ్చి పెద్దమ్మను కొంచెం నేల అడిగాను. తినేదా, తలలో పెట్టుకునేదా అని ఆరా తీసింది. రెండూ కాదు, చూసుకోవడానికే అన్నాను.

“సూసుకునెటందుకు జాగ కావాల్నా నీకు?” అని నవ్వింది. నవ్వుతూనే కాలి బొటనవేలితో మట్టిలో గీత గీసి, గోడ వైపు సగం నాకిచ్చింది.

బతుకమ్మ పండుగ అయ్యాక విత్తాను. ఈ మొక్క వేరు నిలువుగా లోపలికి దిగుతుందట, పీకి వేరే చోట నాటితే అలుగుతుందట. అందుకే నారు పోయకుండా నేలలోనే గింజలు వేసి, మొలిచాక బలహీనమైనవి తీసేశాను. మా బోరు ఉప్పునీళ్లు పోస్తే ఆకుల అంచులు మాడాయి. దాంతో నల్లాలో మంజీర నీళ్లు వచ్చిన రోజు బకెట్లలో పట్టి పెట్టుకుని, అవి అయిపోతే బియ్యం కడిగిన నీళ్లు పోసేదాన్ని. రోడ్డు మీది లారీల దుమ్ము ఆకుల మీద పేరుకునేది. డ్యూటీకి పోయే ముందు మగ్గుతో నీళ్లు చిలకరించి కడిగేదాన్ని. మా ఆయనకు నవ్వొచ్చేది, మొక్కలకు స్నానం అయితే గానీ నాకు టిఫిను పెట్టవు అనేవాడు.

మొక్కలు జానెడు ఎత్తు అయ్యాయి. అంతలో పెద్దమ్మకు వాటి మీద జాలి కలిగింది. నేను డ్యూటీలో ఉండగా తట్టెడు పశువుల ఎరువు తెచ్చి వాటి మొదట్లో పోసింది. ఈ మొక్కకు బలం ఎక్కువైతే ఆకులే గానీ పూలు రావని కవరు మీద ఉంది. కానీ పోసినదాన్ని ఎత్తిపోయమని ఆమెకు ఎలా చెప్తాను? మొక్కలు ఎరువు తిని దుబ్బుల్లా అయ్యాయి. ఆకులు అరచేతి అంత వచ్చాయి. మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు.

ఆ ఆదివారం పెద్దమ్మ గిన్నెలో పుంటికూర పప్పు పంపింది. ఒక ముద్ద తిన్నాను. పులుపు లేదు. పైగా బచ్చలికూరలా కొంచెం జారుడుగా ఉంది. బయటికొచ్చి చూస్తే నా మొక్కలకు కింది ఆకులన్నీ శుభ్రంగా తుంచేసి ఉన్నాయి. ఆమె మడిలో పుంటికూర మాత్రం ఎర్రటి కాడలతో నిండుగా నిలబడి ఉంది.

ముందు భయం వేసి ఫోనులో వెతికాను. ఆ ఆకులు తినొచ్చని, కొన్ని దేశాల్లో కూర వండుకుంటారని చూశాక ప్రాణం కుదుటపడింది. నవ్వుకుంటూ పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె అప్పటికే, ఈసారి పుంటికూర విత్తనమే మంచిది రాలేదు, ఎంత ఆకు వేసినా పులుపు ఎక్కలేదు అని కోడలితో అంటోంది. కోడలు లోపలికి పోయాక, వండింది నా పూల మొక్కల ఆకులని చెప్పాను. పగలబడి నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. చేతిలోని గరిటె పక్కన పెట్టబోయి, గట్టు అంచు కోసం వేళ్లతో తడుముకుంది.

అప్పుడు నాకు ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలవడం, మనిషి దగ్గరికొచ్చి మాట్లాడేదాకా పలకరించకపోవడం. నెమ్మదిగా కూర్చోబెట్టి అడిగాను. చాలా రోజులుగా అంతా మసకగానే ఉందట. మొదట్లో ఫ్యాక్టరీల పొగ అనుకుందట.

“ఎవ్వలకు జెప్పకు బిడ్డా,” అంది. “కండ్లు కనవడ్తలేవంటే పొయ్యి కాడికెళ్లి లేపి మంచంల కూసోవెడ్తరు. ఇగ నేను జేసే పనేముంటది?”

పొయ్యి ఆమెకు పని ఒక్కటే కాదు, ఇంట్లో ఆమె మాట చెల్లే చోటు అది. అయినా ఊరుకోలేకపోయాను. మంట దగ్గర ఇట్లా తడుముకుంటే ఏదో ఒక రోజు చెయ్యి కాలుతుందని చెప్పాను. చూపు బాగైతే పొయ్యి దగ్గరి నుంచి లేపే అవసరమే ఎవరికీ రాదన్నాను. సరే, ముందు నువ్వొక్కదానివే నాతోని రా అంది.

నాకు వీక్లీ ఆఫ్ ఉన్న రోజు ఇద్దరం బస్సెక్కి సంగారెడ్డిలో కళ్ల దవాఖానకు పోయాం. మోతిబిందు, అంటే కంట్లో శుక్లం అన్నారు. రెండు కళ్లకూ ఉంది, ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేస్తే చూపు బాగా వస్తుందన్నారు. ఇక కొడుకుకు చెప్పక తప్పలేదు. సాయంత్రం అతను బస్సు పెట్టి వచ్చాక పెద్దమ్మే చెప్పింది. అతను కోప్పడలేదు. పక్కన కూర్చుని, ఎందుకు దాచినవమ్మా అని ఒక్క మాట అడిగాడు. ఆమె పొయ్యి సంగతి చెప్పింది. అతను తల కొట్టుకుని నవ్వాడు.

“నీ పొయ్యి ఎవడు గుంజుకుంటడే? మాకు వండొస్తే గద,” అన్నాడు.

మొదటి కన్ను ఆపరేషన్ అయ్యాక వంగొద్దు, పొగ తగలొద్దు, కన్ను తడవొద్దు అన్నారు. వంట కోడలూ నేనూ పంచుకున్నాం. పెద్దమ్మ నల్ల అద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని, తాలింపు వాసనను బట్టి ఇంకా జెర వేగాలని చెప్పేది. రెండు మళ్లకూ నీళ్లు నేనే పోశాను. మాలో మొక్కలకు నీళ్లు తగ్గించి, గాలికి పడిపోకుండా వెదురు పుల్లలు పాతి కట్టాను. ఎరువు బలం తగ్గిందో, చలి పెరిగిందో, ఒక ఉదయం చూస్తే ఆకుల సందుల్లో మొగ్గలు కనబడ్డాయి. కొద్ది రోజులకే నడుమెత్తు మొక్కల నిండా గులాబీ రంగు పూలు వచ్చాయి. వాడినవి తుంచుతున్న కొద్దీ కొత్తవి పూశాయి.

డాక్టరు అద్దాలు తీయొచ్చన్న రోజు పెద్దమ్మ నేరుగా మొక్కల దగ్గరికే వచ్చింది. ఒక పువ్వును రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూసింది. రేకుల మీద సన్నటి ముదురు రంగు గీతలు ఉంటాయి.

“గీ గీతలు పెన్నుతోని గీసినట్టున్నయి గదనే,” అంది. తర్వాత నా వైపు తిరిగి, తల నుంచి కాళ్ల దాకా చూసి, “నీకు గిన్ని తెల్లెంటికలు ఎప్పుడొచ్చినయి బిడ్డా?” అంది.

ఆ వారమంతా ఇంట్లో అందరం పరేషాన్. మూలల్లో బూజు, గిన్నెల అడుగున మసి, కొడుకు చొక్కా కాలరు, మా పోర్షన్ కిటికీ జాలీ, అన్నీ ఆమెకు కనబడ్డాయి. ఇన్నాళ్లు ఈ మురికిలో ఎట్లున్నరని మమ్మల్నే తిట్టింది. కోడలు చీపురు పట్టుకుని, అత్తమ్మకు రెండో కన్ను కూడా వస్తే మన గతేమిటని నా చెవిలో అడిగింది. ఇద్దరం గోడకు ఆనుకుని నవ్వాం.

రెండో కన్ను ఆపరేషన్ శివరాత్రి లోపు అయిపోయింది. పెద్దమ్మ మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చింది. కానీ ఆదివారాల వంట మాత్రం తనంతట తానే కోడలికి వదిలేసింది. ఆ పూట చాయ్ గ్లాసుతో పూల పక్కన పీట వేసుకుని కూర్చునేది. వాడలో వాళ్లు ఇవేం పూలని అడిగితే ‘మాల పూలు’ అని చెప్పేది. పేరు సరిచేద్దామని ఒకసారి నోరు తెరిచాను గానీ, పూలదండను తలపించే ఆ పేరే బాగుందనిపించి ఊరుకున్నాను. పశువుల ఎరువు వేస్తే బాగా పూస్తాయని కూడా చెప్పేది. అది మాత్రం నేను వెనకాలే వెళ్లి, వద్దని చెప్పి వచ్చేదాన్ని.