తలుపు అవతలి పదమూడో ఎక్కం

నా చిన్నప్పుడు, గద్వాలలో, ఒక వానకాలం మా అమ్మకు దయ్యం పట్టిందని మా చుట్టాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న ఒక పెళ్ళిలో మా చిన్నాన్న మనవరాలు నా పక్కన కూర్చుని, "అత్తా, మీ అమ్మకు దయ్యం పట్టెనంట గదా!" అంది. ఆనాడు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. నాతోపాటు నిజం కూడా పోకూడదని ఇది రాసిపెడుతున్నాను.

మాది నేత ఇల్లు. వీధివైపు అరుగు, లోపల మగ్గం గది. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని అమ్మ నేసేది. నాయన వెనక పంచలో నూలుకు రంగులు వేసేవాడు. అవ్వ, అంటే మా నాయనమ్మ, అరుగు మీద రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. అమ్మ నేసిన అంచులో తప్పు దొరకడమనేది మా వీధిలో ఎవరూ ఎరగరు. అలాంటిది ఆ ముసుర్లలో, ఒక పెళ్ళి చీర మగ్గం మీద ఉండగా, అమ్మ ఒకే పువ్వును రెండుసార్లు నేసి విప్పుకుంది. పోగును అటూ ఇటూ విసిరే నాడె చేతిలో పట్టుకుని ఎటు వెయ్యాలో తోచక అలాగే ఉండిపోయేది. తల బరువుగా ఉందనేది, లేస్తే తూలేది. ఒక సాయంత్రం నన్ను పిలవబోయి, నా ముఖంలోకి చూస్తూ నా పేరు కోసం వెతుక్కుంది. ఆ చూపు నాకింకా గుర్తుంది.

దవాఖానలో రక్తం తక్కువుందని గోలీలిచ్చారు. ఇరుగుపొరుగు దిష్టి తీయించారు. చివరికి కొత్తకోటలోని పుట్టింటికి పంపితే, కొన్నాళ్ళకు నవ్వు ముఖంతో బస్సు దిగింది. మగ్గంలో కూర్చుందో లేదో మళ్ళీ అదే తల బరువు. అవ్వ ఊరుకునే మనిషి కాదు. "తల్లిగారింట్ల తిరగని తల మా ఇంట్లనే తిరుగుతదా? మగ్గం జూస్తెనే వస్తదా నీ రోగం?" అనేది. అమ్మ మళ్ళీ నాడె అందుకునేది.

నేనప్పటికే ఊరి గ్రంథాలయంలో పిల్లల అల్మారా మొత్తం చదివేశాను. లైబ్రరీ సారు పెద్దల పుస్తకాలు కూడా ముట్టనిచ్చేవారు. తల తిరగడం అన్న మాట కనబడిన చోటల్లా చదివాను. ఏ రోగం గురించి చదివితే ఆ రోగమే అమ్మకు ఉన్నట్టు తోచేది. మెదడులో గడ్డ గురించి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో నాయనకు ఎవరో చెప్పారు, అడవి దిక్కున ఒక మంత్రగాడున్నాడని, పసుపుకొమ్ము కాల్చి నుదుట వాత పెడితే దయ్యం దిగుతుందని. శుక్రవారం పోదామన్నాడు నాయన. అమ్మ కొంగుతో నుదురు తుడుచుకుని, పెళ్ళి చీర ఎవరు నేస్తారని మాత్రం అడిగింది.

గురువారం పొద్దున అవ్వ రాట్నం ముందు నుంచి లేచింది. "ఈ పొద్దు నేను గుంతల దిగుత. నువ్వు నా జాగల కూసో."

"వద్దత్తా, నీకు కండ్లు సరిగ్గ ఆనవు."

"నా కండ్ల సంగతి నీకెందుకే? నీ నాటకమేందో జూస్త." తర్వాత నా వైపు తిరిగింది. "పోరీ, నువ్వు తలుపు బయట కూసోని నన్ను ఎక్కాలడుగు. ఆపకు. తల తిరిగితే లెక్క తప్పుతది గదా, జూద్దాం."

అవ్వకు అక్షరం ముక్క రాదు కానీ ఎక్కాలన్నీ నోటికొచ్చు. తలుపు మూసుకుంది. లోపల నాడె చప్పుడు, బయట నేను. నాకు అవ్వ మీద కోపంగా ఉంది. అమ్మను దొంగను చేసి నవ్వడానికే ఇదంతా అనుకున్నాను. కష్టమైనవే ఏరి అడిగాను. పదమూడు ఏడులెంత అంటే, "తొంభైఒకటి. జర పెద్దయి అడుగు" అని ఎగతాళి చేసింది. పొద్దెక్కింది. జవాబులు ఆగి ఆగి రావడం మొదలైంది. నాడె చప్పుడు కూడా తడబడుతోంది. పదమూడు ఎనిమిదులు అడిగాను. చాలాసేపు పలుకు లేదు.

"తొంభై... ఏమంటివి?" అంది. ఆ తర్వాత మెల్లగా, "నువ్వెవరి పిల్లవే?"

"అమ్మా!" అని అరిచి తలుపు నెట్టాను. వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. అవ్వ మగ్గం మీది బట్టపై తల వాల్చి ఉంది. అమ్మా నేనూ రెక్కలు పట్టి అరుగు మీదికి లాక్కొచ్చాం. ముఖం మీద తుంపర పడగా ఆమె కళ్ళు తెరిచింది.

అవ్వ అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇంత బరువు తల మీద బెట్టుకోని నేస్తుంటివా? నాకు చెప్పకపోతివి."

"చెప్పిన గదత్తా," అంది అమ్మ.

అవ్వ ఆ చెయ్యి వదల్లేదు. పరుగున వచ్చిన నాయన, దయ్యం గదిలోనే ఉన్నదన్నాడు. "దయ్యం గియ్యం నాకు తెల్వదు. ఎండకాలం గూడ నీ పెండ్లాం ఇదే గుంతల కూసున్నది. అప్పుడు లేంది ఇప్పుడేమొచ్చింది? అది జూడు" అంది అవ్వ.

నాయన గడపలో నిలబడి చూశాడు. ముసురుకు దారాలు మెత్తబడి అతుక్కుంటాయని మగ్గం పక్కన బొగ్గుల కుంపటి పెట్టడం ఏటా ఉన్నదే. ఆ ఏడు మాత్రం, పెళ్ళి చీరకు తడి తగలకూడదని ఆయనే కిటికీకి ప్లాస్టిక్ పట్టా కొట్టాడు, తలుపు కింద సందులో గోనెపట్టా కుక్కాడు. పోయి మేకులు పీకాడు. కుంపటి పట్టుకెళ్ళి వానలో పెట్టాడు. శుక్రవారం మేమెక్కడికీ పోలేదు.

అమ్మ తేరుకున్నాక గ్రంథాలయానికి పోయి నిప్పు గురించి పుస్తకం అడిగాను. "ఇన్నాళ్ళు రోగాలు, ఇప్పుడు నిప్పా!" అని సారు నవ్వి వెతికిచ్చారు. మూసిన గదిలో బొగ్గు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, నెత్తురులో ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుందనీ అందులో ఉంది. గర్వంగా ఇంటికి తెచ్చి అవ్వకు చదివి వినిపించాను. అంతా విని, "మంచిగనే రాసిండ్రు. గని మీ అమ్మ మాట నమ్మి ఉంటే మనకు ముందుగల్లనే తెలుస్తుండె" అంది.

ఆ తర్వాత ముసుర్లలో మగ్గం గది తలుపు బార్లా తెరిచే ఉండేది. అవ్వ రాట్నం గడప పక్కకు మారింది. కండెలు చుడుతూ అమ్మను ఎక్కాలడిగేది. బడి మొహం చూడని అమ్మ అలా పదమూడో ఎక్కం నేర్చుకుంది.

నాకు పుస్తకాలిచ్చిన లైబ్రరీ సారుకు, తన చేత్తో కొట్టిన మేకులు తానే పీకిన నాయనకు, నమ్మకపోయినా గుంతలో దిగి చూసిన అవ్వకు, నిందపడుతూనే నేసిన అమ్మకు నా దండాలు. ఎవరైనా ఒంట్లో బాగాలేదంటే నేను ముందు వాళ్ళు కూర్చునే చోట కాసేపు కూర్చుంటాను. ముసురు పడితే కిటికీ రెక్క ఒకటి తీసిపెట్టి, పదమూడో ఎక్కం పైకి చెప్పుకుంటాను. ఎనిమిదుల దగ్గర మాత్రం ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను, తలుపు అవతల ఎవరో జవాబు చెబుతారేమోనని.